డోముస్ ముందు 'ఇన్' ఎందుకు లేదు?

ప్రశ్న:
నమస్తే అండీ. మేం ఉండేది జర్మనీలో. మా అమ్మాయి గిమ్నాజియుంలో ఆరో తరగతి, ఈ ఏడాది లాటిన్ తీసుకుంది. తనతో హోంవర్క్ చేయించాలంటే ముందు నేను నేర్చుకోవాల్సి వస్తోంది. పాఠంలో 'మార్కుస్ ఇన్ విల్లామ్ ఇట్' అని ఒక వాక్యం, దాని కిందే 'మార్కుస్ డోముమ్ ఇట్' అని ఇంకోటి. రెండిట్లోనూ మనిషి వెళ్తున్నది ఇంటికే కదా, మరి రెండోదాంట్లో 'లోకి' అనే అర్థమున్న 'ఇన్' ఏమైంది? పైగా డిక్షనరీలో ఇల్లు అనడానికి డోముస్, విల్లా, కాసా, ఐడేస్, ఇన్సులా అన్నీ ఉన్నాయి. ఏది ఎప్పుడు వాడాలి? రేపే టెస్టు. పిల్ల కంటే నాకే టెన్షన్.

జవాబు 1:
ఊళ్ళ పేర్లు, చిన్న దీవుల పేర్లు, డోముస్, పల్లె అనే అర్థమున్న రూస్. వీటికి ముందు విడిగా మాట పెట్టరండీ, విభక్తి రూపమే సరిపోతుంది. రోమామ్ అంటే రోముకి. డోముమ్ ఇంటికి, డోమో ఇంటి నుంచి, డోమీ ఇంట్లో. మనం 'ఊరెళ్ళాడు' అనమూ, అలాగే. విల్లాకి ఆ వెసులుబాటు లేదు. 'మా ఇంటికి' అనడానికి 'డోముమ్ మెఆమ్' అన్నా 'ఇన్' రాదు. ఫలానా భవనం లోపలికి వెళ్ళాడని చెప్పాలంటే మాత్రం 'ఇన్ డోముమ్' అంటారు.

టెస్టులో పిల్లలు దొరికిపోయేది వేరే చోట. చివర 'ఉస్' ఉన్నా డోముస్ స్త్రీలింగం. పెద్ద ఇల్లు 'డోముస్ మాగ్నా', మాగ్నుస్ కాదు.

జవాబు 2:
వ్యాకరణం అయింది కాబట్టి ఇళ్ళ సంగతి. రోము నగరంలో డోముస్ అంటే డబ్బున్నవాళ్ళ సొంత ఇల్లు. పాంపేయి అనే పాత రోమన్ ఊళ్ళో చూస్తే మధ్యలో ఏట్రియం అనే హాలు, పైకప్పులో ఖాళీ, వాన పడటానికి కింద తొట్టి. గోదావరి జిల్లాల మండువా లోగిలి చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మామూలు జనం ఉండేది ఇన్సులాలో, అంటే అద్దె అపార్టుమెంట్లు. కింద దుకాణాలు, పైకి పోయేకొద్దీ పేదవాళ్ళు. కూలిపోవడం, తగలబడటం మామూలే. అందుకే అగస్టస్ చక్రవర్తి ఎత్తు 70 రోమన్ అడుగులు దాటకూడదన్నాడు, తర్వాత ట్రాజన్ చక్రవర్తి దాన్ని 60కి దించాడు. ఇన్సులాకి దీవి అనే అర్థం కూడా ఉంది, పాఠంలో ఏదో సందర్భాన్ని బట్టి చూసుకోండి.

విల్లా పొలాల మధ్య ఇల్లు, కాసా గుడిసె. ఐడేస్ అయితే గమ్మత్తు: ఏకవచనంలో గుడి, బహువచనంలో ఇల్లు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండీ. పాఠం చివర 'డోమీ మీలిటియైక్వే' అని ఉంది. మీలిటియా సైన్యం కదా, ఇంట్లో సైన్యమేమిటి?

జవాబు 1:
అది జాతీయమండీ. శాంతికాలంలోనూ యుద్ధకాలంలోనూ అని. ఇక్కడ డోమీ అంటే ఇంటిపట్టున, సొంత దేశంలో.