కంటిలో అడ్డుకునే వీఈజీఎఫ్‌ను మూత్రపిండంలో ఎందుకు అడ్డుకోరు?

ప్రశ్న (అడిగినవారు: తరంగిణి)

మా అమ్మకు చాలా ఏళ్లుగా షుగరు ఉంది. రెటీనాలో నీరు చేరి చూపు మసకబారడంతో, వీఈజీఎఫ్ అనే పెరుగుదల కారకాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లు కంటిలో ఇస్తున్నారు. చూపు కొంత మెరుగుపడింది. అయితే ఈ మధ్య చేయించిన మూత్ర పరీక్షలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి (మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఎంత పోతోందో చూపేది) గ్రాముకు 180 మిల్లీగ్రాములు వచ్చింది. రక్తంలో క్రియాటినిన్ మాత్రం మామూలుగానే ఉంది. షుగరు వల్ల రెండు చోట్లా దెబ్బతినేది సన్నని రక్తనాళాలే కదా. కంటిలో హాని చేస్తున్న కారకమే మూత్రపిండంలోనూ చేస్తుంటే, అక్కడ కూడా దాన్ని ఆపే మందు ఎందుకు ఇవ్వరు? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరు.

సమాధానం 1 (ఫిజియాలజీ అధ్యాపకుడు)

తరంగిణి గారూ, కారకం ఒకటే అయినా రెండు చోట్లా దాని పాత్ర వేరు. రెటీనాలో రక్తం సరిగా అందని భాగాలు ఆక్సిజన్ కొరతతో వీఈజీఎఫ్‌ను అవసరానికి మించి తయారుచేస్తాయి. దానివల్ల నాళాల గోడలు కారతాయి, వ్యాధి ముదిరితే పెళుసైన కొత్త నాళాలు పుట్టుకొస్తాయి. మూత్రపిండంలో రక్తాన్ని వడకట్టే గ్లోమెరులస్‌లో మాత్రం ఆరోగ్యవంతులకు కూడా వీఈజీఎఫ్ నిత్యావసరం. అక్కడి కేశనాళికలను బయటినుంచి అల్లుకుని ఉండే పోడోసైట్ కణాలు దాన్ని విడుదల చేస్తాయి. అది వడపోత ప్రవాహానికి ఎదురుగా వెళ్లి, నాళం లోపలి గోడగా ఉన్న ఎండోథీలియల్ కణాలను చేరి, వాటిని బతికిస్తూ, వాటిలోని సూక్ష్మ రంధ్రాలు మూసుకుపోకుండా కాపాడుతుంది.

షుగరు వచ్చిన తొలి దశలో అధిక గ్లూకోజు, రక్తపోటును పెంచే ఆంజియోటెన్సిన్-2 అనే హార్మోను ప్రభావంతో గ్లోమెరులస్‌లో వీఈజీఎఫ్ పెరుగుతుంది. ఆ దశలో మూత్రపిండం అతిగా వడకడుతుంది, ఆల్బుమిన్ జారడం మొదలవుతుంది. మధుమేహం కలిగించిన ఎలుకలకు వీఈజీఎఫ్ వ్యతిరేక యాంటీబాడీ ఇచ్చినప్పుడు ఈ రెండూ తగ్గాయి కాబట్టి, మీకు వచ్చిన ఆలోచనే పరిశోధకులకూ వచ్చింది. కానీ వ్యాధి ముదిరేకొద్దీ పోడోసైట్లు ఊడి మూత్రంలో కొట్టుకుపోతాయి, వాటితోపాటు వీఈజీఎఫ్ కూడా పడిపోతుంది, ఆధారం కోల్పోయిన కేశనాళికలు క్రమంగా మూసుకుపోతాయి.

ఎక్కువైనా తక్కువైనా ముప్పే అనడానికి 2003లో ప్రచురితమైన చిట్టెలుకల ప్రయోగం గట్టి సాక్ష్యం. పోడోసైట్లలో వీఈజీఎఫ్ జన్యువు రెండు ప్రతుల్లో ఒకదాన్ని తొలగించినప్పుడు ఎండోథీలియల్ కణాలు ఉబ్బి మూత్రంలో ప్రోటీన్ పోయింది. అదే కారకాన్ని అతిగా తయారయ్యేలా చేసినప్పుడు గ్లోమెరులస్ కుప్పకూలింది. తర్వాత మధుమేహం ఉన్న చిట్టెలుకల్లో పోడోసైట్ల వీఈజీఎఫ్‌ను తగ్గించి చూస్తే మూత్రపిండం మరింత దెబ్బతింది. మనుషుల విషయానికొస్తే, క్యాన్సర్‌కు వీఈజీఎఫ్‌ను అడ్డుకునే బెవాసిజుమాబ్‌ను రక్తనాళం ద్వారా తీసుకున్న కొందరి మూత్రపిండాల సన్నని నాళాల్లో రక్తపు గడ్డలు ఏర్పడినట్లు 2008లో వెల్లడైంది. ఇంత తెలిశాక మూత్రపిండం కోసం వీఈజీఎఫ్‌ను పూర్తిగా అణచడానికి ఎవరూ సాహసించరు.

సమాధానం 2 (నెఫ్రాలజీ రెసిడెంట్)

పై వివరణకు నాది చిన్న చేర్పు. ఈ నాళాల బాగోగులు చూసేది వీఈజీఎఫ్ ఒక్కటే కాదు. ఆంజియోపోయిటిన్-1 అనే మరో కారకం నాళాల గోడను నిబ్బరంగా నిలుపుతుంది. మధుమేహంలో దానికి ఎదురుగా పనిచేసే ఆంజియోపోయిటిన్-2 పెరుగుతుంది. టీజీఎఫ్-బీటా అనే ఇంకో పెరుగుదల కారకం అయితే కేశనాళికల మధ్య ఉండే మెసాంజియల్ కణాల చుట్టూ మాతృక పదార్థాన్ని పేర్చి, కేశనాళికలకు చోటు లేకుండా చేస్తుంది. దీన్ని అడ్డుకుంటే చిట్టెలుకల్లో ఆ పేరుకుపోవడం ఆగింది గానీ ఆల్బుమిన్ పోవడం తగ్గలేదు. మనుషుల్లో టీజీఎఫ్-బీటా1 యాంటీబాడీని పరీక్షించిన అధ్యయనం ప్రయోజనం కనబడకపోవడంతో గడువుకు ముందే ఆగిపోయింది. దాని ఫలితాలు 2017లో వచ్చాయి.

నా ఉద్దేశంలో ఇక్కడ పట్టించుకోవలసింది కారకాలను ఇలా పెడదారి పట్టిస్తున్న పరిస్థితిని. రామిప్రిల్, టెల్మిసార్టన్ వంటి మందులు ఆంజియోటెన్సిన్ ప్రభావాన్ని తగ్గించడం వల్ల గ్లోమెరులస్‌లో పీడనంతోపాటు, ఆ హార్మోను రెచ్చగొట్టే వీఈజీఎఫ్, టీజీఎఫ్-బీటాల పోటు కూడా తగ్గుతుంది, అవసరమైనంత వీఈజీఎఫ్ మాత్రం మిగులుతుంది. గ్లూకోజును మూత్రం ద్వారా బయటకు పంపే ఎస్‌జీఎల్‌టీ2 మందులు మరో దారిలో ఆ పీడనాన్ని దించుతాయి. ఈ రకానికి చెందిన కెనాగ్లిఫ్లోజిన్‌పై 4,401 మందితో జరిగిన క్రెడెన్స్ అధ్యయనంలో (2019) మూత్రపిండ వైఫల్యం, క్రియాటినిన్ రెట్టింపు కావడం, మూత్రపిండ లేదా గుండె జబ్బుతో మరణం అన్నీ కలిపి చూస్తే ముప్పు 30 శాతం తగ్గింది. మీ అమ్మగారు ఈ రెండు రకాల్లో ఏది వాడుతున్నారో చూడండి. ఏదీ లేకపోతే డాక్టరుగారిని తప్పక అడగండి.

తరంగిణి

టెల్మిసార్టన్ వాడుతున్నారు, రెండో రకం లేదు. ఇద్దరికీ కృతజ్ఞతలు. కానీ ఇదంతా చదివాక కొత్త భయం పట్టుకుంది. కంటి ఇంజెక్షనే మూత్రపిండానికి చేటు చేస్తోందేమో, ఆపేయమంటారా?

సమాధానం 3 (కంటి వైద్యురాలు)

దయచేసి మీ అంతట మీరు ఆపకండి. కంటిలోకి ఇచ్చే బెవాసిజుమాబ్ మోతాదు 1.25 మిల్లీగ్రాములు; క్యాన్సర్‌కు శరీర బరువులో ప్రతి కిలోకూ 5 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ఇస్తారు కాబట్టి ఆ రెంటికీ పోలికే లేదు. అయినా కంటినుంచి కొంత మందు రక్తంలోకి చేరుతుంది. ఈ కంటి ఇంజెక్షన్లలో బెవాసిజుమాబ్, అఫ్లిబెర్సెప్ట్ రక్తంలో ఎక్కువ కాలం ఉంటాయి, రానిబిజుమాబ్ త్వరగా వెళ్లిపోతుంది. ఇంజెక్షన్ల తర్వాత బీపీ, మూత్రంలో ప్రోటీన్ పెరిగిన రోగుల వివరాలు వైద్య పత్రికల్లో అడపాదడపా వచ్చాయి గనుక, మీ అమ్మగారి ఆల్బుమిన్ సంగతి కంటి వైద్యులకు తెలియాలి. అవసరమనుకుంటే వారే మందు మారుస్తారు.

ఇంకొకటి, జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, పరీక్షకు ముందు కఠినమైన వ్యాయామం కూడా ఈ నిష్పత్తిని పెంచుతాయి. అందుకే ఒక్క ఫలితంతో నిర్ధారించరు. మూడు నెలల వ్యవధిలో మూడు పరీక్షలు చేస్తే కనీసం రెండింటిలో 30 దాటాలి. ఉదయం తొలి మూత్రంతో మళ్లీ పరీక్ష చేయించి, ఇంజెక్షన్లు ఇచ్చిన తేదీలు, ఇంటిదగ్గర చూసిన బీపీ కొలతలు ఒకే కాగితం మీద రాసి ఇద్దరు డాక్టర్లకూ చూపించండి.