రోజూ వాడుకోవడానికి హెయిర్ స్ట్రెయిట్‌నర్ కొనాలి: ఏమేమి చూసుకోవాలి?

బ్రాడీపేట నుంచి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. ఉద్యోగం విజయవాడలో, బందరు రోడ్డులోని ఒక కార్యాలయంలో. ఉదయం ఏడున్నరకల్లా బస్సెక్కాలి కాబట్టి తల దువ్వుకోవడానికి నాకు దొరికేది పావుగంటే. నా జుట్టు ఒత్తుగా, అలలు అలలుగా వీపు సగం దాకా ఉంటుంది. జడ వేసుకున్నన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు రోజూ బయటివారిని కలిసే పని అప్పగించారు. జుట్టు వదిలేసుకున్నా చెదరకుండా పొందికగా ఉండాలన్నది నా కోరిక.

రెండేళ్ల క్రితం చవకగా వచ్చిందని ఒక స్ట్రెయిట్‌నర్ కొన్నాను. దానికి ఆన్, ఆఫ్ మీట తప్ప మరొకటి లేదు. ఆరు నెలలు తిరిగేసరికి ప్లేటు అంచున పూత లేచిపోయి, పాయ లాగినప్పుడల్లా వెంట్రుకలు అందులో చిక్కుకుని తెగడం మొదలైంది. కొసలు చిట్లిపోయి చివరికి నాలుగు అంగుళాలు కత్తిరించుకోవలసి వచ్చింది. ఇంత చేసినా ఉక్కపోత ఉన్న రోజు బస్సు వారధి దాటేలోపే జుట్టు మళ్లీ మొదటికి వచ్చేది.

ఈసారి తెలుసుకుని కొనాలనుకుంటున్నాను. సిరామిక్ ప్లేట్లు మంచివా, టైటానియం మంచివా? వెయ్యి రూపాయల దానికీ మూడు వేల దానికీ నిజంగా తేడా ఉంటుందా? అమెరికాలో ఉన్న మా పిన్ని వచ్చే నెల వస్తూ అక్కడినుంచి ఒకటి తెస్తానంటోంది, తెప్పించుకోవచ్చా? అసలు ఇవన్నీ ఎందుకు, పార్లర్‌లో క్రీము పట్టించి జుట్టును సాఫీగా చేసే స్మూతెనింగ్ చేయించుకొమ్మని మా ఆఫీసులో ఒకరు అంటున్నారు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పటమట పార్లర్:

ప్లేట్ల సంగతి తరువాత చూద్దామండీ. ముందుగా చూడవలసింది, వేడిని మనం తగ్గించుకుని పెంచుకునే వీలు ఉందా లేదా అన్నది. నేను పద్నాలుగేళ్లుగా పార్లర్ నడుపుతున్నాను. కొసలు కాలి నా దగ్గరకు వచ్చినవారిలో ఎక్కువమంది తమ జుట్టుకు అవసరమైన దానికంటే బాగా ఎక్కువ వేడి వాడినవారే. మీ పాత దానికి ఆన్, ఆఫ్ మాత్రమే ఉందన్నారు. అలాంటివి సాధారణంగా 200 డిగ్రీల దరిదాపుల్లో ఒకే వేడి మీద పనిచేస్తాయి. పలుచని జుట్టయినా, బిరుసు జుట్టయినా వాటికి ఒకటే. కొత్తది కొనేటప్పుడు డిగ్రీలు అంకెల్లో కనబడేదాన్నే అడగండి. పలుచని మెత్తని జుట్టుకు 150 లోపు చాలు. మామూలు జుట్టుకు 160 నుంచి 180, బాగా ఒత్తుగా బిరుసుగా ఉంటే 180 నుంచి 200 వరకు పడుతుంది. పెట్టె మీద 230 అని పెద్ద అక్షరాలతో ముద్రించి ఉంటే అది గొప్ప అనుకోకండి, రోజువారీ వాడకంలో ఆ వేడి ఎవరికీ అక్కరలేదు. మీరు 160తో మొదలుపెట్టి, ఒక పాయను ఒకే ఒక్కసారి, ఎక్కడా ఆపకుండా నెమ్మదిగా లాగి చూడండి. సాగి నిలిస్తే అదే మీ వేడి, నిలవకపోతే పదేసి డిగ్రీలు పెంచుకోండి. తక్కువ వేడే కదా అని ఒకే పాయను ఐదారుసార్లు రుద్దినా జుట్టు పొడిబారుతుంది.

ఇక ప్లేట్లు. సిరామిక్ వేడిని ప్లేటంతా సమంగా పంచుతుంది. టైటానియం చాలా త్వరగా వేడెక్కి, ఆ వేడిని అంతే త్వరగా జుట్టుకు అందిస్తుంది కాబట్టి చేతివాటం కుదిరినవారికి బాగుంటుంది, తెల్లవారుజామున హడావిడిలో వాడుకునేవారికి సిరామిక్కే నయం. టూర్మలిన్ అని రాసి ఉంటే పూతలో ఆ ఖనిజపు పొడి కలిపారని అర్థం. జుట్టు చిటపటలాడుతూ పైకి లేవకుండా ఉండటానికి దాన్ని కలుపుతారు. అయితే తక్కువ ధరలో వచ్చే సిరామిక్ ప్లేట్లు చాలావరకు లోహం మీద పలుచని పూత వేసినవే. ఆ పూత లేచిన చోట కింది లోహం గరుకుగా తేలుతుంది, మీ వెంట్రుకలు తెగింది అందుకే. పూత లేచినదాన్ని మరొక్క రోజు కూడా వాడకూడదు.

షాపులో పెట్టెలోంచి బయటకు తీయించి చూడండి, మొహమాటపడకండి. ప్లేట్లు మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే మధ్యలో సందు కనబడకూడదు. సందు ఉంటే జుట్టు సరిగ్గా పట్టదు, మీరు మళ్లీ మళ్లీ లాగుతారు. వేలితో నొక్కితే ప్లేటు కింద స్ప్రింగు ఉన్నట్టు కొద్దిగా కదలాలి. అంచులు గుండ్రంగా ఉండాలి. వెడల్పు ఒక అంగుళం అందరికీ సరిపోతుంది కానీ, మీరు చెప్పిన జుట్టుకు పావుగంటలో పని కావాలంటే ఒకటిన్నర అంగుళం ఉన్నది తీసుకోండి. దానితో పాపిడి దగ్గరి చిన్న వెంట్రుకలు పట్టడం కొంచెం కష్టం, అంతే.

వారధి సంగతి చెబుతాను. వెంట్రుక కెరాటిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతుంది. దాని పోగుల మధ్య ఉండే హైడ్రోజన్ బంధాలు వేడికి విడిపోయి, చల్లారేటప్పుడు మనం సాగదీసిన రూపంలో మళ్లీ కుదురుకుంటాయి. గాలిలో తేమ తగిలితే అవే బంధాలు సడలి జుట్టు తన సహజ రూపానికి వెళ్లిపోతుంది. ఎంత ఖరీదైన స్ట్రెయిట్‌నర్‌తో చేసుకున్నా కృష్ణ ఒడ్డున ఉండే ఉక్కలో ఇది తప్పదు. చేయగలిగిందల్లా, లాగిన పాయను పూర్తిగా చల్లారేదాకా ముట్టుకోకుండా, దువ్వకుండా ఉండటం, ఆ తరువాత రెండు చుక్కల సీరం కొసలకు రాసి బస్సులో తలకు స్కార్ఫు కట్టుకోవడం.

అరండల్‌పేట అధ్యాపకుడు:

నేను ఇంజనీరింగ్ కళాశాలలో విద్యుత్ పాఠాలు చెబుతాను. అందుకని మీ పిన్నిగారి విషయం వరకే మాట్లాడతాను. అమెరికాలో ఇళ్లకు వచ్చేది 120 వోల్టులు, మనకు వచ్చేది 230. హ్యాండిల్ మీద గానీ ప్లగ్గు మీద గానీ ‘100–240 వోల్టులు’ అని ఉంటే నిశ్చింతగా తెప్పించుకోండి. ‘120 వోల్టులు’ అని మాత్రమే ఉంటే వద్దని చెప్పండి. మామూలు తీగ హీటర్‌కు వోల్టేజి దాదాపు రెట్టింపయితే అది లాగే విద్యుత్తు మూడున్నర రెట్లు దాటుతుంది. నిమిషాల్లో కాలిపోతుంది, చేతిలో ఉండగానే కాలవచ్చు. షాపుల్లో దొరికే చిన్న అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మార్చుతుందే తప్ప వోల్టేజిని తగ్గించదు; మా బంధువుల ఇంట్లో ఈ తేడా తెలియక ఒక మంచి స్ట్రెయిట్‌నర్ మొదటి రోజే పాడైంది. పైగా అక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోవాలి.

మరొక మాట. మీరు బస్సు కోసం పరుగెత్తే మనిషినంటున్నారు కాబట్టి దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఉన్నదాన్నే కొనండి. ముప్పై నిమిషాలకో గంటకో ఆగిపోయే రకాలు ఉన్నాయి. కరెంటు పోతుందన్న బెంగ అక్కరలేదు. చాలా స్ట్రెయిట్‌నర్లు ముప్పై నుంచి యాభై వాట్లే తీసుకుంటాయి కాబట్టి ఇంట్లో ఇన్వర్టర్ మీద నడుస్తాయి, వెయ్యి వాట్లు దాటే హెయిర్ డ్రయర్ మాత్రం అలా కుదరదు.

గుణదల గృహిణి:

స్మూతెనింగ్ గురించి తొందరపడవద్దని నా మనవి. ఆ క్రీములలో కొన్నింటి నుంచి, జుట్టుకు పట్టించి ఐరన్ చేసేటప్పుడు ఫార్మాల్డిహైడ్ వాయువు వెలువడుతుంది. అది మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించింది. చేయించుకోదలిస్తే డబ్బా మీద ఏమి రాసి ఉందో చదివిన తరువాతే కూర్చోండి. నేను మూడేళ్లుగా స్ట్రెయిట్‌నర్ వాడుతున్నాను, కానీ జుట్టంతా చేసుకునేది వారానికి రెండుసార్లే. మిగతా రోజుల్లో ముఖం పక్కన కనబడే ముందు పాయలను సరిచేసుకుని వెనుక క్లిప్పు పెట్టుకుంటాను. ఐదు నిమిషాలలో అయిపోతుంది, చూసేవారికి తేడా తెలియదు.

బ్రాడీపేట నుంచి:

అందరికీ ఎంతో కృతజ్ఞురాలిని. పిన్నికి ఫోన్ చేసి చూడమన్నాను. ఆమె చూసిన దాని మీద 120 వోల్టులని మాత్రమే ఉందట, వద్దని చెప్పేశాను. పటమట పార్లర్ గారూ, ఇంకొక సందేహం. మా ఇంట్లో ఆదివారం నూనె పెట్టి కుంకుడుకాయలతో తలంటుకోవడం అలవాటు. మధ్యలో బుధవారం ఉదయం తలస్నానం చేస్తాను, ఆ రోజు ఆరడానికి సమయం ఉండదు. కాస్త తడిగా ఉండగా చేయవచ్చా? కొసలకు కొబ్బరినూనె రాసుకుని చేస్తే వేడి తగలదని అమ్మ అంటుంది.

పటమట పార్లర్:

రెండూ వద్దండీ. నీరు 100 డిగ్రీలకే మరుగుతుంది. తడి జుట్టును 160 డిగ్రీల ప్లేట్ల మధ్య పెడితే లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై వెంట్రుకలోనే బుడగలు కడుతుంది, అక్కడే అది విరుగుతుంది. ‘చుయ్’మన్న చప్పుడు వినబడిందంటే వెంటనే ఆపేయండి. నూనె రాసి చేస్తే పొగ రావడమే కాకుండా ప్లేట్ల మీద జిడ్డు మాడి పేరుకుపోయి పాయ సాఫీగా జారదు. అమ్మగారు చెప్పిన నూనెను తలంటుకు ముందు తప్పకుండా పెట్టుకోండి, జుట్టుకు ఎంతో మంచిది. ప్లేట్లు తగలబోయే ముందు మాత్రం వేడి నుంచి కాపాడే స్ప్రే వాడాలి, అది కూడా ఆరిన తరువాతే ఐరన్ చేయాలి. తలస్నానాన్ని మంగళవారం సాయంత్రానికి మార్చుకుంటే మీ చిక్కు తీరిపోతుంది. వాడిన ప్రతిసారీ ప్లేట్లు చల్లారాక తడిగుడ్డతో తుడిచి పెట్టుకోండి.

బ్రాడీపేట నుంచి:

నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ మీరు చెప్పినట్టే మూడు రకాలు పెట్టెల్లోంచి తీయించి చూశాను. ఒకదాని ప్లేట్ల మధ్య సందు స్పష్టంగా కనబడింది. చివరికి ఒకటిన్నర అంగుళం సిరామిక్‌ది, డిగ్రీలు అంకెల్లో కనబడేది, గంట తరువాత దానంతట అదే ఆగిపోయేది, రెండు వేల లోపే దొరికింది. ఈ ఉదయం 160 మీద నిలవలేదు, 170 మీద ఒక్కసారి లాగితే నిలిచింది.