జాంగో మోడల్లో వాలిడేటర్ ఉన్నా ఫ్యాట్ 65 అని సేవ్ అవుతోంది, ఎందుకు?

అద్దంకి_కుర్రాడు:
మా ఊరి పాలకేంద్రానికి జాంగోలో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) యాప్ రాస్తున్నాను. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. ఒక్కో రికార్డులో రైతు, తేదీ, పూట, లీటర్లు, ఫ్యాట్ (పాలల్లో వెన్న శాతం) ఉంటాయి. ఫ్యాట్‌కి కనిష్ఠం 2, గరిష్ఠం 12 అని మోడల్లోనే వాలిడేటర్లు (విలువ సరైనదో కాదో చూసేవి) పెట్టాను. అడ్మిన్‌లో 65 కొడితే ఎర్రక్షరాల్లో తప్పు చూపించి ఆపేస్తోంది. ఫోన్ నుంచి వచ్చే ఎంట్రీల్లో మాత్రం 6.5 బదులు 65 అని కొన్ని దూరిపోయాయి. పొద్దున పూట అక్కడ సిగ్నల్ ఉండదు, అందుకని ఎంట్రీలన్నీ ఫోన్‌లో దాచి, తర్వాత ఒకేసారి సర్వర్‌కి పంపుతాం. అక్కడ బల్క్ క్రియేట్‌తో, అంటే రికార్డులన్నీ ఒకే దెబ్బలో, వేస్తున్నాను. పది రోజుల బిల్లు ఫ్యాట్ మీదే కడతారు. ఒకచోట పట్టుకున్నది ఇంకోచోట ఎలా వదిలేస్తోంది?

రాత్రి_షిఫ్ట్:
జాంగోలో సేవ్ పిలిస్తే వాలిడేటర్లు నడవవు బ్రో. ఫుల్ క్లీన్ (రికార్డుని తనిఖీ చేసే మెథడ్) పిలిస్తేనే నడుస్తాయి. అడ్మిన్ వెనక మోడల్ ఫారం ఉంటుంది, అది పిలుస్తుంది. నువ్వు సేవ్ మెథడ్‌ని ఓవర్‌రైడ్ చేసి అందులో ఫుల్ క్లీన్ పెట్టెయ్, సరిపోతుంది.

పోస్ట్‌గ్రెస్_అక్క:
కారణం సరిగ్గా చెప్పారు, మందు మాత్రం ఈ తమ్ముడికి పనిచేయదు. బల్క్ క్రియేట్ సేవ్ మెథడ్‌ని అసలు పిలవదు. క్వెరీసెట్ (ఎంచుకున్న రికార్డుల గుంపు) మీద అప్‌డేట్ కొట్టినా అంతే. సేవ్‌లో ఎంత రాసినా ఆ రెండు దార్లూ తెరిచే ఉంటాయి.

తమ్ముడూ, ముందు డేటాబేస్‌లోనే చెక్ కన్‌స్ట్రెయింట్ (షరతు తప్పితే డేటాబేసే వద్దనే నియమం) పెట్టు. మోడల్ మెటాలో ఫ్యాట్ 2కీ 12కీ మధ్య ఉండాలని రాసి, ఆ మార్పుని టేబుల్‌కి చేర్చే మైగ్రేషన్ నడుపు. జాంగో 2.2 నుంచీ ఈ సౌకర్యం ఉంది. 4.1 నుంచి ఫుల్ క్లీన్ కూడా ఈ కన్‌స్ట్రెయింట్లను చూస్తుంది కాబట్టి అడ్మిన్‌లో మామూలు ఫారం తప్పులాగే కనిపిస్తుంది. షరతు ఇచ్చే ఆర్గ్యుమెంట్ పేరు మొదట్లో 'చెక్', 5.1 నుంచి 'కండిషన్'. పాత ఉదాహరణ కాపీ కొట్టేముందు నీ వెర్షన్ చూసుకో. ఇంకోటి, ఫ్యాట్ ఖాళీగా వస్తే చెక్ కన్‌స్ట్రెయింట్ దాన్ని వదిలేస్తుంది. నల్ ఒప్పుకోకుండా ఫీల్డుని బిగించు.

ఇక్కడితో ఆగితే ఇంకో నష్టం. బల్క్ క్రియేట్‌లో ఒక్క వరస చెడ్డా మొత్తం లోడు వెనక్కి పోతుంది. ఒకరి 65 వల్ల ఊరందరి పాలూ ఎక్కవు. అందుకని వేసేముందు ఒక్కో రికార్డుకీ ఫుల్ క్లీన్ పిలువు. మంచివి బల్క్‌గా వెయ్. తప్పు వచ్చినవాటిని ఫోన్ పంపింది పంపినట్టే, కారణంతో సహా, వేరే టేబుల్లో పెట్టు. ఒక్కోదానికీ ఒకటి రెండు క్వెరీలు ఎక్కువవుతాయి, ఒక ఊరి కేంద్రానికి అది లెక్కే కాదు.

ఆ తప్పుల్ని పారెయ్యకూడదు. ఆ పాలు అప్పటికే క్యాన్‌లో పోసేశారు, వెనక్కి తీయలేం. యాప్ వద్దన్నా రైతుకి డబ్బు ఇవ్వాల్సిందే. 65 కనిపించింది కదా అని కోడ్‌లో పదితో భాగించడం కూడా వద్దు. అది 6.5 కావచ్చు, 5.6ని తిరగేసి కొట్టిందీ కావచ్చు. కేంద్రంలో మనిషి చీటీ చూసి దిద్దాలి.

నీ కనిష్ఠం 2 ఉంది చూడు, అది అసాధ్యమైన అంకెల్ని ఆపడానికి మాత్రమే. గేదెపాలకి 3.4 వచ్చిందనుకో, అనుమానించాలి కానీ ఆపకూడదు. ఆవుపాలు కలిసి ఉండొచ్చు, మిషన్ సరిగ్గా కడగక పోయి ఉండొచ్చు. అలాంటివి సేవ్ చేసి, 'చూడాలి' అని ఒక గుర్తు పెట్టు. జరగనే జరగనిది డేటాబేస్ ఆపాలి, అనుమానం ఉన్నది మనిషి చూడాలి. ఈ రెండూ ఒకే వాలిడేటర్‌లో కలిపేస్తే ఆపరేటర్ విసిగి ఏదో ఒక అంకె కొట్టేస్తాడు.

అద్దంకి_కుర్రాడు:
చాలా థ్యాంక్స్ అక్కా. మైగ్రేషన్ నడిపితే ఇంటిగ్రిటీ ఎర్రర్ వచ్చింది. ఇంకోటి, సిగ్నల్ మధ్యలో తెగితే ఫోన్ అవే ఎంట్రీలు మళ్లీ పంపుతోంది. రైతు, తేదీ, పూట మూడూ కలిపి యూనిక్ (అదే కలయిక రెండోసారి రాకూడదని) పెడితే చాలా?

పోస్ట్‌గ్రెస్_అక్క:
టేబుల్లో పాత 65లు ఉన్నాయి కదా, అందుకే ఒప్పుకోలేదు. ముందు చీటీలు చూసి దిద్దించి, మళ్లీ నడుపు. వెంటనే దిద్దడం కుదరకపోతే జాంగో 4.0 నుంచి పోస్ట్‌గ్రెస్‌కి 'యాడ్ కన్‌స్ట్రెయింట్ నాట్ వ్యాలిడ్' అనే ఆపరేషన్ ఉంది. పాతవాటిని చూడకుండా కొత్తగా వచ్చేవాటికి ఇప్పటినుంచే కాపలా పెడుతుంది. దిద్దడం అయ్యాక 'వ్యాలిడేట్ కన్‌స్ట్రెయింట్' ఇంకో మైగ్రేషన్‌లో నడుపు.

ఆ మూడింటి యూనిక్ వద్దు. ఒకే ఇంట్లో ఆవూ గేదే రెండూ ఉంటే పూటకి రెండుసార్లు పోస్తారు, రెండోది ఆగిపోతుంది. పాల రకం చేర్చినా, ఒకే రకం రెండు బిందెల్లో తెచ్చేవాళ్లు ఉంటారు. ఎంట్రీ కొట్టిన క్షణంలోనే ఫోన్‌లో ఒక యూయూఐడీ (ఇంకెక్కడా రాని ఐడీ) పుట్టించి దాన్నే యూనిక్ చెయ్. అదే ఎంట్రీ మళ్లీ వస్తే ఐడీ అదే ఉంటుంది, వేరే బిందెకి వేరే ఐడీ. వచ్చిన ఐడీల్లో ఇప్పటికే టేబుల్లో ఉన్నవాటిని ముందే ఏరేసి, మిగిలినవాటికే ఫుల్ క్లీన్ పిలువు. ఫుల్ క్లీన్ యూనిక్‌నీ చూస్తుంది, లేకపోతే మళ్లీ వచ్చిన మంచి ఎంట్రీలన్నీ తప్పుల టేబుల్లో పడతాయి. రెండు రిక్వెస్టులు ఒకేసారి వచ్చే సందర్భం కోసం బల్క్ క్రియేట్‌కి 'ఇగ్నోర్ కాన్‌ఫ్లిక్ట్స్' (ఇప్పటికే ఉన్న ఐడీని వదిలేసే ఆప్షన్) కూడా ఇవ్వు.