ఎడిటోరియల్ నుంచి రోజుకి పది మాటలు, రాత్రికి క్విజ్: దీంతో ఇంగ్లిష్ వస్తుందా?

నంద్యాల బ్యాచ్:
బ్యాంక్ ఎగ్జామ్స్‌కి ప్రిపేర్ అవుతున్నా, డిగ్రీ దాకా తెలుగు మీడియమే. మా కోచింగ్ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ఇంగ్లిష్ పేపర్ ఎడిటోరియల్‌లోంచి పది కష్టమైన మాటలు ఏరి పీడీఎఫ్ పెడతారు, రాత్రికి వాటి మీదే క్విజ్. క్విజ్‌లో ఎనిమిదో తొమ్మిదో వస్తాయి. తీరా మాక్ టెస్ట్ పాసేజ్‌లో అదే మాట కనిపిస్తే ఎక్కడో చూసినట్టు ఉంటుంది తప్ప అర్థం తట్టదు. రూమ్మేటేమో ఇదంతా దండగ, సినానిమ్స్ (ఒకే అర్థం ఇచ్చే మాటలు) పుస్తకం తీసుకుని బట్టీ కొట్టెయ్ అంటున్నాడు. సీనియర్లు కాస్త చెప్పండి అన్నా.

అశోక్‌నగర్ పాతకాపు:
తమ్ముడూ, క్విజ్ మానకు, టైమ్ మార్చు. పొద్దున చదివింది రాత్రికి గుర్తుండటం గొప్పేం కాదు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. ఒక గుంపు పాఠాన్ని మళ్లీ చదివింది, ఇంకో గుంపు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి, వారం తర్వాత అడిగితే రాసినవాళ్లది. కాబట్టి క్విజ్ అనేది మార్కుల కోసం కాదు, మెదడు వెతుక్కోవడం కోసం. సోమవారం మాటల మీద గురువారం క్విజ్ పెట్టుకో, నాలుగే వస్తాయి, ఆ నాలుగే నీవి. బట్టీ పుస్తకం సంగతి అంటావా, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సీ) ఉద్యోగాలకి రాసేవాళ్లకి కొంత పనికొస్తుంది, అక్కడ సినానిమ్, యాంటోనిమ్ నేరుగా అడుగుతారు. బ్యాంక్ పేపర్లో ఎక్కువ పాసేజ్, క్లోజ్ టెస్ట్ (పేరాలో ఖాళీలు పూరించడం), తప్పులు పట్టడం, అన్నీ వాక్యం మీదే నడుస్తాయి.

బెజవాడ టీచరమ్మ:
క్విజ్ ఎప్పుడు పెట్టుకోవాలి అన్నది తర్వాత సంగతి బాబూ, అసలు ఆ పది మాటలు ఎవరు ఎందుకు ఏరారు? చూడ్డానికి కష్టంగా ఉన్నాయని ఏరారు, అంతే. 2017లో శశి థరూర్ గారు ట్వీట్‌లో ఫరాగో (కలగాపులగం) అన్నారని ఊరంతా డిక్షనరీ మీద పడ్డారు. ఆ తర్వాత ఆ మాట ఎంతమందికి ఎన్నిసార్లు ఎదురైంది? మా క్లాసులో పిల్లలకి ఇలాంటివి కంఠతా వచ్చు, దోజ్ అన్‌లెస్, డిస్పైట్, వేరాజ్ అనేవి వాక్యంలో పెట్టమంటే దిక్కులు చూస్తారు. క్లోజ్ టెస్ట్‌లో ఖాళీలు చాలావరకు వీటి దగ్గరే ఉంటాయి.

ఇంకొకటి. ఇంగ్లిష్ పదాల మీద పరిశోధన చేసే పాల్ నేషన్ అనే ఆయన 2006లో లెక్క కట్టాడు, పేపరుగానీ నవలగానీ ఎవరి సాయమూ లేకుండా చదవాలంటే ఎనిమిది, తొమ్మిది వేల పద కుటుంబాలు రావాలట, అంటే ఒక మాట, దాని రూపాలన్నీ కలిపి ఒక కుటుంబం. అప్పుడు నూటికి రెండు మాటలే తెలియనివి మిగులుతాయి, వాటిని చుట్టూ ఉన్న వాక్యాన్ని బట్టి ఊహించొచ్చు. తెలుగు మీడియం నుంచి ఇప్పుడే వచ్చిన పిల్లాడికి ఎడిటోరియల్లో వరసకి ఒక మాట తెలియదు, ఇంక ఊహించేది ఏముంది? ముందు మామూలు రెండు వేల మాటలు గట్టిగా రావాలి. వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో వాళ్లు 1959లో స్పెషల్ ఇంగ్లిష్ అని మొదలుపెట్టి సుమారు 1500 మాటలతో, నెమ్మదిగా, వార్తలే చదివారు. మనవాళ్లు మాత్రం ఎడిటోరియల్ తప్ప ముట్టరు.

హెడ్డింగుల భాష సరేసరి. క్యాబినెట్ నాడ్ అని పేపర్లో రోజూ ఉంటుంది, అంటే మంత్రివర్గం ఒప్పుకుందని. మా నాన్న బైక్‌కి నాడ్ ఇచ్చాడు అని ఇంగ్లిష్‌లో చెప్పి చూడండి, నవ్వుతారు.

అశోక్‌నగర్ పాతకాపు:
మేడమ్, మీరు చెప్పేది ఏడో తరగతి పిల్లలకి సరిపోతుంది. వీడికి నోటిఫికేషన్ నెత్తి మీద ఉంది, రెండు వేల మాటలు మొదటి నుంచి మొదలుపెట్టమంటే ఈ ఏడాది పోయినట్టే. ఎగ్జామ్ పాసేజ్ తేలిక ఇంగ్లిష్‌లో ఇవ్వరు కదా.

కౌంటర్ నంబర్ 3:
నేను బ్యాంకులో చేస్తున్నాను, ఇక్కడ ఇద్దరూ పేపర్ మొత్తాన్ని ఒకే ముద్దలా చూస్తున్నారు. ఎడిటోరియల్ అభిప్రాయం, అందులో రోజుకో విషయం, రోజుకో రచయిత, నిన్నటి మాట ఇవాళ రాదు. లోపలి పేజీ వార్త అలా కాదు. ఒకే వార్త వారం నడిస్తే అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి. టీచరమ్మ గారు చెప్పిన ఆ నేషన్ గారే 1989లో హ్వాంగ్ అనే మరొకరితో కలిసి ఇదే చూశారు, విడివిడి వార్తల కంటే నడుస్తున్న ఒకే వార్తను వెంబడిస్తే కొత్త మాటల బరువు తగ్గుతుందని.

బ్యాంక్ అభ్యర్థికి ఆర్‌బీఐ పాలసీ కంటే మంచి పాఠం లేదు. వడ్డీ రేటు తేల్చేది ఆరుగురు సభ్యుల కమిటీ, రెండు నెలలకోసారి మీటింగ్. ప్రతిసారీ రెపో రేట్ (బ్యాంకులకి ఆర్‌బీఐ ఇచ్చే అప్పు మీద వడ్డీ), ఇన్‌ఫ్లేషన్, ప్రొజెక్షన్, స్టాన్స్ (ముందు ముందు రేటు ఎటు అనే వైఖరి), అన్‌ఛేంజ్డ్, ఇవే మాటలు. 2025 వార్తలు వరసగా తీసి చదువు. ఫిబ్రవరిలో రెపో 6.5 శాతం నుంచి 6.25కి తగ్గింది, ఏప్రిల్‌లో 6కి తగ్గించి స్టాన్స్‌ని న్యూట్రల్ నుంచి అకామడేటివ్ చేశారు, జూన్‌లో 5.5కి దించి స్టాన్స్ మళ్లీ న్యూట్రల్ అన్నారు. ఈ మూడూ చదివితే అకామడేటివ్ అంటే రేటు తగ్గించే వైపు మొగ్గు అని ఏ పీడీఎఫ్ చెప్పక్కర్లేదు. పైగా మర్చిపోయే టైమ్‌కి ఆర్‌బీఐయే మళ్లీ మీటింగ్ పెట్టి గుర్తు చేస్తుంది. బ్యాంకింగ్ అవేర్‌నెస్ కూడా అందులోనే అయిపోతుంది.

ఎవరూ చెప్పనిది ఇంకోటి ఉంది, ముందు అదే వార్త తెలుగు పేపర్లో చదువు. సిగ్గుపడాల్సిన పని లేదు. ఏం జరిగిందో ముందే తెలిస్తే ఇంగ్లిష్ వాక్యం సగం దానంతట అదే విప్పుకుంటుంది.

గుంటూరు లా కాలేజీ:
కౌంటర్ అన్న చెప్పింది కోర్టు వార్తలకి ఇంకా బాగా పనిచేస్తుంది. స్టే, బెయిల్, రిమాండ్, ఛార్జిషీట్, పిటిషన్, ఇవన్నీ తెలుగు టీవీలోనే రోజూ వింటాం, ఏ మీడియం వాడైనా సరే. అందుకే కోర్టు వార్త ఇంగ్లిష్‌లో చదివితే మధ్యలో క్వాష్, అడ్జర్న్, ఇంటరిమ్ లాంటివి కొన్నే కొత్తగా తగులుతాయి. మా హాస్టల్లో ఇంగ్లిష్ అంటే భయపడే జూనియర్లు వీటితోనే మొదలుపెట్టారు.

నంద్యాల బ్యాచ్:
థాంక్స్ అన్నా, మేడమ్. పీడీఎఫ్ ఆపేసి ఆర్‌బీఐ వార్తలు తీస్తా. కానీ మరి క్విజ్ ఎవరు పెడతారు? ఆన్‌లైన్‌లో ఉన్న కరెంట్ అఫైర్స్ క్విజ్‌లన్నీ గవర్నర్ ఎవరు, కప్ ఎవరు గెలిచారు అనే అడుగుతున్నాయి.

కౌంటర్ నంబర్ 3:
అవి జీకే కోసం తమ్ముడూ, ఇంగ్లిష్ కోసం కాదు. నువ్వే చేసుకో. వార్తలోంచి రెండు పేరాలు కాపీ కొట్టు, ఏడో మాట ఏడో మాట చెరిపెయ్, నాలుగు రోజులు పక్కన పెట్టి పూరించు. ఆప్షన్లు ఇచ్చుకోకు. రూమ్మేట్‌కి కూడా ఒకటి చేసివ్వు, బట్టీ కొట్టినవాడికి ఎన్ని వస్తాయో అక్కడే తేలుతుంది.

బెజవాడ టీచరమ్మ:
ఏడో మాట చెరిపితే డిస్పైట్, అన్‌లెస్ లాంటివి కూడా పోతాయి కాబట్టి దీనికి నేను ఒప్పుకుంటాను. కానీ పూరించడంతో ఆపొద్దు బాబూ, ఆ వార్తని ఐదు వాక్యాల్లో సొంతంగా రాసి ఇక్కడ పెట్టు, దిద్దుతాను. మాట గుర్తుపట్టడం వేరు, వాడటం వేరు, ఇంటర్వ్యూ బోర్డు ముందు చెరిపిన ఖాళీలు ఉండవు.

అశోక్‌నగర్ పాతకాపు:
మేడమ్ గారూ, దిద్దేది ఒక్కడికేనా, మేము కూడా పెట్టొచ్చా?