20 నెలల పాప, లేచిన రెండున్నర గంటలకే సోలిపోతా ఉంది – ఎవరికి చూపించాలి?

కొర్లగుంట అమ్మ
అందరికీ నమస్తే. మాది తిరుపతి కొర్లగుంట. మా పాపకి 20 నెలలు, బరువు 9 కేజీల 400. రెండు నెలల కింద దాకా ఇల్లు పీకి పందిరేసేది, మిద్దె మెట్లు ఎవురూ పట్టుకోకుండా ఎక్కేది. ఇప్పుడు మూడో మెట్టు కాడికే కూలబడిపోయి రెండు చేతులూ పైకెత్తి ఎత్తుకోమంటాది. రాత్రి ఎనిమిదిన్నరకు పండుకుంటే పొద్దున ఏడున్నరకు లేస్తాది, మళ్లీ పదికంతా కండ్లు మూతలు పడతాయి. జరం లేదు, విరేచనాలు లేవు. అన్నం రెండు ముద్దలు తింటే గొప్ప. పాలు మాత్రం బాగా తాగుతుంది, పక్కింటోళ్ల ఆవు పాలు రోజుకు లీటరు దాకా, రాత్రి సీసా నోట్లో లేకపోతే నిద్రే పోదు. మా అత్త దిష్టి అని మూడు ఆదివారాలు ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో ఏసింది. మా ఆయన పండ్లొచ్చేటప్పుడు అట్లే ఉంటారంటాడు. నాకు మాత్రం రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. పిల్లల డాక్టరు దగ్గరికే పోవాలా, నేరుగా ల్యాబులో రక్తం టెస్టు చేయించొచ్చా? ఇంత చిన్న బిడ్డకు రక్తం ఎట్ల తీస్తారు? వచ్చే వారం బెంగళూరులో మా చెల్లి సీమంతం, బస్సులో తీసుకుపోవచ్చా? ఇంకోటి, మొన్నటి నుంచి గోడ సున్నం గోటితో గీకి నోట్లో పెట్టుకుంటా ఉంది, అరిచినా మానడం లేదు.

చంద్రగిరి అక్క
సున్నం అన్నావు చూడు చెల్లీ, అక్కడే నా గుండె జల్లుమంది. మా వాడు బలపాలు నమిలేసేవాడు, పెరట్లో ఎర్రమట్టి తినేవాడు, పాడలవాటని చేతి మీద కొట్టినా, వాతలు పెడతానని బెదిరించినా. ఆ కొట్టుడు తల్చుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తాది. రక్తం తక్కువైన పిల్లలకు అట్ల తినబుద్ధి అయితాదని తర్వాత తెలిసింది. పాప అరిచెయ్యి నీ అరిచేతి పక్కన పెట్టి చూడు, కింది కనురెప్ప రొంత లాగి లోపల చూడు. ఎర్రగా ఉండాల్సింది తెల్లగా పాలిపోయి ఉంటే రేపటి దాకా ఆగొద్దు.

పుత్తూరు మామ
అమ్మా, ఊరికే భయపడొద్దు. మా కాలంలో ఈ టెస్టులు యాడివి? రాగిజావ రెండు పూటలా తాపండి, నల్లబెల్లం వేసి. మా ముగ్గురు పిల్లలూ సంగటి తినే పెరిగినారు, ఒక్కరికీ సూది పడలేదు.

ల్యాబ్ అన్న 15 ఏండ్లు
15 ఏండ్లుగా తిరుపతిలో రక్తం తీస్తా ఉన్నా, ఏడాది లోపు పిల్లలకే వేలల్లో తీసుంటా, కాబట్టి నేను చెప్పేది వినండి. ముందు పాలు తగ్గించండి. లీటరు పాలు తాగే రెండేండ్ల లోపు బిడ్డ, అన్నం తినదు, మట్టి తింటాది, నీరసం అంటే రిపోర్టు రాకముందే నాకు అర్థమైపోతాది. ఆవు పాలల్లో ఐరన్ లేనట్టే లెక్క, పైగా పాలల్లో కాల్షియం మిగతా తిండిలో ఉన్న ఐరన్‌ని కూడా ఒంటికి పట్టనీదు, కడుపు నిండిపోయి అన్నం ముట్టరు. అర లీటరు దాటకూడదు. హిమోగ్లోబిన్ 11 ఉండాలని చాలా రిపోర్టుల్లో ఉంటాది, డబ్ల్యూహెచ్ఓ 2024లో రెండేండ్ల లోపు పిల్లలకు 10.5 చేసింది, ఇక్కడ చాలామందికి ఆ సంగతి తెలీదు. సీబీపీ (రక్త కణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) టెస్టులు చేయించండి.

పలమనేరు పాడి
ల్యాబ్ అన్నా, నోటికొచ్చినట్టు మాట్లాడొద్దు. మాకు ఆరు హెచ్ఎఫ్ జాతి సీమావులు, మా తాతల కాడి నుంచి పాలే మా బతుకు. పాలల్లో సత్తువ లేకపోతే దూడ ఎట్ల లేచి గంతులేస్తాది? పాకెట్ పాలు తాగి పిల్లోళ్లు చెడిపోతా ఉంటే ఆవు పాలను అంటారా? ఆ అమ్మ పక్కింటోళ్ల పాలు పోయిస్తా ఉంది కాబట్టే బిడ్డ ఈ మాత్రం నిలబడి ఉంది.

ల్యాబ్ అన్న 15 ఏండ్లు
సత్తువ లేదని ఎవురన్నారు? ఐరన్ లేదన్నా. దూడ మాటే తీసుకో, పది పదహైదు రోజులకే అది గడ్డి కొరకడం మొదలుపెడతాది, ఆరు ఆవులున్నోడివి నువ్వు చూసే ఉంటావు. ఉత్త పాల మీద నెలల తరబడి పెంచితే దూడకైనా రక్తం తగ్గిపోతాది. పాకెట్ పాలైనా నీ ఆవు పాలైనా ఈ విషయంలో ఒకటే.

పలమనేరు పాడి
నువ్వు సూది గుచ్చేవాడివి, డాక్టరువి కాదు. మా ఊర్లో పాలమ్మి పిల్లల్ని ఇంజనీర్లు చేసినోళ్లు ఉండారు. నీ మాట విని ఒక తల్లి బిడ్డకు పాలు మాన్పిస్తే ఆ పాపం నీదే.

ఎం.ఆర్.పల్లి లక్ష్మమ్మ కూతురు
మాన్పించమని ఆయన అనలేదు కదన్నా, అర లీటరు అన్నాడు. నేను ఒక్క మాట చెప్తా. మా పాపకి కూడా పాలే. ఒక పెద్ద క్లినిక్కులో చూపిస్తే "బొద్దుగానే ఉంది, మంచి బిడ్డ" అని విటమిన్ టానిక్ రాసి పంపేసినారు, నాలుగు నెలలు పోయినాయి. బొద్దుగా ఉంటే రక్తం ఉన్నట్టు కాదు, ఇది నాకు ఎవురూ చెప్పలేదు. తర్వాత రుయా పెద్దాసుపత్రికి తీసుకుపోతే హిమోగ్లోబిన్ 6.1. ఆ రోజు రక్తం ఎక్కించేటప్పుడు దాని చిన్న చేతికి అట్టముక్క కట్టి ప్లాస్టర్లు చుట్టినారు, ఆ చెయ్యి కదిలించలేక నా మొహం వైపు చూసిన చూపు ఇంకా పోలేదు. పాల మీద కొట్లాడుకోకండి, ఆ అమ్మని రేపే పంపించండి.

పుత్తూరు మామ
రాగుల గురించి ఎవురూ మాట్లాడరేం?

ల్యాబ్ అన్న 15 ఏండ్లు
మామా, రాగుల్లో కాల్షియం బాగా ఉంటాది, ఐరన్ కూడా రొంత ఉంటాది గానీ ఒంటికి పట్టేది తక్కువ. మొలకెత్తించి ఎండబెట్టి పిండి పట్టిస్తే మేలు. పాలు కలపకుండా జావ కాచి, పక్కన జామకాయ ముక్కో నిమ్మరసమో ఇస్తే ఇంకా మేలు. రక్తం బాగా పడిపోయిన బిడ్డకు అది ఒక్కటే చాలదు.

పుత్తూరు మామ
పట్టేది తక్కువైతే ఈ రాయలసీమ అంతా ఎప్పుడో పడిపోయుండాలి కదయ్యా. పెద్దోళ్ల తిండిని తక్కువ చేసి మాట్లాడొద్దు.

గ్రీమ్స్‌పేట నాన్న
చిత్తూరు నుంచి. అందరూ ఐరన్ ఐరన్ అంటా ఉండారు, ఒక్క నిమిషం ఆగండి. మా బాబుకి కూడా ఇట్లే ఎంసీవీ (ఎర్ర రక్తకణం సైజు) తక్కువొచ్చింది, ఒక డాక్టరు ఆరు నెలలు ఐరన్ డ్రాప్స్ వాడించినాడు, మందు తప్పకుండా పోసినా హిమోగ్లోబిన్ 9 దాటలేదు. చివరికి వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలు చూసే టెస్టు) చేస్తే తలసీమియా మైనర్, అంటే అమ్మానాన్నల నుంచి వచ్చే రక్తలోపంలో తేలిక రకం. నాకూ అదే ఉందని 34 ఏండ్లకు తెలిసింది. మా ఆవిడకి లేదు కాబట్టి బతికిపోయినాం, ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు మేజర్, అంటే దాంట్లో తీవ్రమైన రకం వచ్చే ప్రమాదం. మీ ఇంట్లో మేనరికం ఉందా అమ్మా? ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

ల్యాబ్ అన్న 15 ఏండ్లు
మంచి మాట. కాకపోతే ఐరన్ బాగా తక్కువున్నప్పుడు హెచ్‌పీఎల్‌సీ చేస్తే మైనర్ ఉన్నా కనపడకుండా పోవచ్చు. ముందు ఐరన్ సరిచేసి తర్వాత చేయిస్తేనే నమ్మకం.

నగరి సుబ్బు
అన్నా, సీఎంసీకి చిత్తూరు నుంచి పొద్దున ఎన్ని గంటల బస్సుకు పోతే కొత్త ఓపీ దొరుకుతాది? మా నాయనకి మోకాలు నొప్పి.

గ్రీమ్స్‌పేట నాన్న
35 కిలోమీటర్లే, గంట, గంటంపావు. ఆన్‌లైన్లో ముందే అపాయింట్‌మెంట్ తీసుకోండి, నేరుగా పోతే ఆ రోజంతా అక్కడే. మోకాలు గురించి వేరే అడగండి, ఇక్కడ బిడ్డ సంగతి నడుస్తా ఉంది.

రేణిగుంట తల్లి
ఎవురూ షుగర్ మాట ఎత్తలేదే! నా కొడుకు రెండున్నరేండ్లకు ఇట్లే పడి ఉండేవాడు. ఎండాకాలం కదా అనుకున్నా. చెంబుల చెంబులు నీళ్లు తాగేవాడు, డైపరు రాత్రికి మూడుసార్లు బరువెక్కేది, ఒంటేలు పడిన చోట చీమలు పట్టేవి, ఆ చీమలు చూసి కూడా నాకు తట్టలేదు. బరువు తగ్గినాడు. వారం తర్వాత ఊపిరి బుసలు కొడతా వస్తే స్విమ్స్ ఆసుపత్రికి ఎత్తుకొని పరిగెత్తినాం. టైప్ 1 షుగర్ అన్నారు. ఇప్పుడు రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్. వేలి మీద ఒక్క చుక్క రక్తం, అర నిమిషం పని, అది ముందే చేసుంటే ఐసీయూ దాకా పోయేవాళ్లం కాదు. అమ్మా, షుగర్ చూడమని నోరు తెరిచి అడుగు, వాళ్లంతట వాళ్లు చూస్తారని కూర్చోవద్దు.

పాకాల సిస్టర్ (రిటైర్డ్)
31 ఏండ్లు ఏఎన్ఎంగా, అంటే ఊర్లల్లో తిరిగే ఆరోగ్య నర్సుగా చేసినాను. చదివి చదివి నాకు కోపం వస్తా ఉంది, బిడ్డ తల్లి భయపడి అడిగితే ఆవుల మీద, రాగుల మీద పంచాయితీ పెట్టినారు. తల్లీ, నువ్వు ల్యాబుకు కాదు, ముందు పిల్లల డాక్టరు దగ్గరికి పో. బట్టలు విప్పి చూడమను, కడుపు పట్టి చూడమను, గుండె వినమను. ఈ కింద చెప్పినవాటిలో ఏదైనా ఉంటే రేపు కాదు ఈ రాత్రే పో: దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, చర్మం మీద సన్నటి ఎర్ర చుక్కలు, మెడ కింద గడ్డలు, విడవని జరం, కాలు కింద పెట్టనీయకుండా ఏడవడం, పెదాలు నీలంగా అవడం, ఊపిరి వేగంగా ఆడటం, పిలిస్తే సరిగా పలక్కపోవడం. ఇవేవీ లేకపోతే రేపు పొద్దున.

ఇంకోటి అందరికీ. ఆరు నెలల నుంచి అయిదేండ్ల దాకా బిడ్డలకు వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు ఐరన్ సిరప్ ఊరికే ఇస్తారు, అంగన్‌వాడీలోనో ఆశా వర్కరు దగ్గరో అడగండి. ఏడాది నిండినాక ఆరు నెలలకోసారి నులిపురుగుల మందు, రెండేండ్ల లోపు సగం మాత్రే. 2019-21 సర్వేలో మన దేశంలో ఈ వయసు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తం తక్కువని తేలింది. ఇండ్ల చుట్టూ తిరిగి సీసాలిస్తే మలం నల్లగా వస్తా ఉందని భయపడి పారబోసేవాళ్లు. నల్లగా రావడం మామూలే.

పలమనేరు పాడి
సిస్టరమ్మ మీద గౌరవంతో ఆగుతా ఉండా. పాల మీద మాత్రం నా మాట నాదే. ఇంక మాట్లాడను.

కొర్లగుంట అమ్మ
అందరికీ దండం. మొన్న పొద్దున్నే పోయినాం. కనురెప్ప లాగి చూసినాను అక్కా, లోపల తెల్లకాగితం మాదిరి ఉంది, ఇన్నాళ్లూ ఒళ్లో పెట్టుకొని తిరిగిన బిడ్డ కన్ను నేను ఒక్కసారీ చూడలేదు. రక్తం చేతి వెనక నరంలో తీసినారు, నా ఒళ్లో కూర్చోబెట్టుకోమన్నారు, అర నిమిషంలో అయిపోయింది. హిమోగ్లోబిన్ 7.6, ఎంసీవీ 58, ఫెరిటిన్ 4. షుగర్ నేనే అడిగి చూపించినా రేణిగుంట అక్కా, 94. గుండె, కాలేయం, ప్లీహం బాగున్నాయన్నారు. మాది మేనరికమే, ఆ మాట చెప్తే మూడు నెలల తర్వాత హెచ్‌పీఎల్‌సీ చేద్దామన్నారు. బరువు చూసి ఐరన్ డ్రాప్స్ రాసినారు, హిమోగ్లోబిన్ సరైనాక కూడా రెండు మూడు నెలలు ఆపకూడదంట. పాలు 400 మిల్లీలీటర్లు, సీసా పూర్తిగా బంద్, గ్లాసులోనే. కార్జం మెత్తగా ఉడికించి నలిపి పెట్టమన్నారు. సీమంతానికి నేను పోలేదు, మా అమ్మ ఒక్కతే పోయింది.

డ్రాప్స్‌కి పండ్లు నల్లబడతా ఉన్నాయి, అది పోతాదా సిస్టరమ్మా?

పాకాల సిస్టర్ (రిటైర్డ్)
పోతాది తల్లీ, పైపైన మరకే. డ్రాపరు బుగ్గ లోపల వెనక్కి పెట్టి వదులు, వెంటనే రెండు గుక్కల నీళ్లు తాపించు, రాత్రి బ్రష్ చెయ్యి. పాలకీ మందుకీ మధ్య రెండు గంటలు ఎడం ఉంచు. ఒక్కో కంపెనీ సీసాలో ఐరన్ ఒక్కో లెక్క ఉంటాది, మెడికల్ షాపులో వేరేది ఇస్తే డాక్టరును అడక్కుండా అన్నే చుక్కలు పోయొద్దు. మందు బిడ్డకు అందనంత ఎత్తులో పెట్టు, తియ్యగుందని సీసా ఎత్తి తాగితే ప్రాణం మీదికి వస్తాది.

శ్రీకాళహస్తి కొత్త అమ్మ
అక్కా, మా వాడికి 17 నెలలు, వాడూ ముప్పావు లీటరు తాగుతాడు, ఇది చదివినాక వణుకొస్తా ఉంది. రాత్రి సీసా ఎట్ల మాన్పించినావు? ఏడవలేదా?

కొర్లగుంట అమ్మ
ఏడ్చింది చెల్లీ. మొదటి రాత్రి రెండు గంటలు, పక్కింటోళ్లు లేచి వచ్చినారు. రెండో రాత్రి సీసాలో ఉత్త నీళ్లు పోసిచ్చినా, విసిరి కొట్టింది. మూడో రాత్రి మా అత్త భుజాన వేసుకొని మిద్దె మీద అటూ ఇటూ తిరిగింది, చల్లగాలికి పండుకుంది. నాలుగో రోజు పొద్దున ఆకలికి తనే నా కంచం దగ్గరికొచ్చి కూర్చొని చెనక్కాయల ఊరిమిండి కలిపిన సంగటి నాలుగు ముద్దలు తినింది. నువ్వు ముందు రక్తం చూపించు, సీసా సంగతి తర్వాత.