ఎంచుకున్న ఫైళ్లను షెల్ స్క్రిప్ట్‌కు ఎలా అందించాలి: ఆర్గ్యుమెంట్లుగానా, స్టాండర్డ్ ఇన్‌పుట్ ద్వారానా?

ప్రశ్న:
మాక్‌లో పనులను వాటంతటవే జరిగేలా చేసే ఆటోమేటర్ యాప్‌లో ‘రన్ షెల్ స్క్రిప్ట్’ (ఆదేశాల వరుసను నడిపేది) అనే యాక్షన్ పెట్టినప్పుడు, ఫైళ్లను చూపే ఫైండర్‌లో ఎంచుకున్న ఫైళ్లను స్క్రిప్ట్‌కు ఏ దారిన పంపాలో ఒక చిన్న మెనూ అడుగుతుంది. మనం ఏమీ మార్చకపోతే స్టాండర్డ్ ఇన్‌పుట్, అంటే ప్రోగ్రామ్ నడుస్తుండగా డేటాను చదువుకునే గొట్టం, ఉంటుంది. రెండవ ఎంపిక ఆర్గ్యుమెంట్లు, అంటే ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టేటప్పుడే దానికి ఇచ్చే విలువలు. నేను మొదటిదాన్నే వాడుతున్నాను. వరుసకొక పాత్ (ఫైలు ఉన్న చోటు, పేరు) వస్తుంది, రీడ్ అనే ఆదేశపు లూప్‌తో ఒక్కొక్కటీ చదువుకుంటాను, ఎన్ని వేల ఫైళ్లయినా ఇబ్బంది ఉండదు. ఆర్గ్యుమెంట్లే సరైన పద్ధతని నా సహోద్యోగి పట్టుబడుతున్నారు. ఆ వాదనలో పస ఉందా?

సమాధానం 1:
ఉందండీ. యూనిక్స్ ఫైలు పేరులో ఉండకూడనివి రెండే రెండు: ముందుకు వాలిన గీత, సున్నా బైటు. కొత్త వరుస గుర్తు కూడా పేరులో ఉండవచ్చు కనుక, వరుసకొక పాత్ అనే ఒప్పందం ఎప్పుడు తప్పుతుందో మనకు తెలియదు. ఆర్గ్యుమెంట్లలో ఏ పేరు ఎక్కడ ముగుస్తుందో సిస్టమే కాపాడుతుంది. ఆర్గ్యుమెంట్లన్నింటినీ సూచించే "$@" ను జంట కొటేషన్లలో ఉంచితే ఖాళీలున్న పేర్లు కూడా చెక్కుచెదరకుండా అందుతాయి. ఆ కొటేషన్లు లేకుండా జెడ్‌షెల్ అనే షెల్‌లో (ఆదేశాలను నడిపే ప్రోగ్రామ్‌లో) నడిచిన స్క్రిప్ట్, బాష్ అనే మరో షెల్‌లోకి మార్చగానే పేర్లను ఖాళీల దగ్గర ముక్కలు చేస్తుంది. 2019లో కాటలీనాతో జెడ్‌షెల్ మాక్‌లో డిఫాల్ట్ అయింది కనుక ఈ పొరపాటు ఇప్పుడు ఇంకా సులభంగా దొర్లుతుంది.

అయితే వింత పేర్లకన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మరొకటి. ఒకసారి నలభై వీడియోలను ఎంచుకుని, మీలాగే రీడ్ లూప్ రాసి, లోపల వీడియోలను మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ను పిలిచాను. మొదటి వీడియో మారింది, పని ముగిసిందన్న సూచన వచ్చింది, మిగిలిన ముప్పై తొమ్మిది అలాగే ఉండిపోయాయి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కూడా స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచే కీల నొక్కుళ్లను చదువుతుంది కాబట్టి, లూప్ కోసం వేచి ఉన్న పాత్‌లను అదే తాగేసింది. నోస్టడిన్ అనే ఆప్షన్ ఇస్తే సరిపోతుందన్న సంగతి సగం రోజు పోయాక గాని తెలియలేదు. వేరే కంప్యూటర్‌లోకి లాగిన్ చేసే ఎస్‌ఎస్‌హెచ్ కూడా ఇదే పని చేస్తుంది. ఒకే గొట్టాన్ని ఇద్దరు పంచుకోవడమే ఇక్కడి చిక్కు. ఆర్గ్యుమెంట్లతో ఆ చిక్కే పుట్టదు.

సమాధానం 2:
పై అభిప్రాయంతో నేను పూర్తిగా ఏకీభవించలేను. ఆర్గ్యుమెంట్లకు గట్టి హద్దు ఉంది. నేటి మాక్‌లో ఆర్గ్యుమెంట్లు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లు (ప్రోగ్రామ్‌కు సిస్టమ్ అందించే సెట్టింగులు) కలిపి 10,48,576 బైట్లు దాటితే ప్రోగ్రామ్ మొదలే కాదు. పాత్ సగటున 100 బైట్లనుకుంటే దాదాపు పది వేల ఫైళ్ల దగ్గర ఆగిపోతాము. పేర్లు తెలుగులో ఉంటే యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి కనుక, ఆ హద్దు ఇంకా ముందే వస్తుంది. ఫొటోల భాండారాన్ని సర్దేవారికి ఇది ఊహాజనితమైన సమస్య కాదు.

సమాధానం 1 రాసినవారు:
హద్దు నిజమే, కాదనను. కానీ హద్దు దాటినప్పుడు స్క్రిప్ట్ మొదలే కాదు, ఏ ఫైలూ సగంలో చెడదు. ఇన్‌పుట్ తాగేయబడినప్పుడు మాత్రం పని జరిగినట్టే కనిపిస్తుంది. నాకు మొదటి రకం తప్పే మేలు. పది వేల ఫైళ్లను చేతితో ఎంచుకోవలసి వస్తే, వాటి ఫోల్డర్‌ను ఒక్కదాన్నే ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చి, లోపల ఫైండ్ ఆదేశంతో వెతికించి, పేర్ల మధ్య సున్నా బైటు ఉంచి వాటిని విడతలుగా ఆర్గ్యుమెంట్లుగా ఇచ్చే ఎక్స్‌ఆర్గ్స్‌కు అందించడం మంచిది.

లినక్స్‌లో ఫైండర్ లాంటి నాటిలస్ యాప్‌లోని స్క్రిప్టులకు ఎంచుకున్న పాత్‌లన్నీ వరుసలుగా ఒకే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో కూడా వస్తాయి. అక్కడ ఒక్కో స్ట్రింగ్‌కు 1,31,072 బైట్లే హద్దు కాబట్టి, వరుసల పద్ధతి ఆర్గ్యుమెంట్లకన్నా ముందే చేతులెత్తేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
నా లూప్‌లను ఇప్పుడే తిరిగి చూశాను. రెండింటిలో రీడ్‌కు ఆర్ ఆప్షన్ కూడా పెట్టలేదు, అంటే పేరులో వెనక్కి వాలిన గీత ఉంటే అది ఇన్నాళ్లూ మాయమవుతూనే ఉండాలి. ఫైళ్ల పేర్లు మార్చే స్క్రిప్టులన్నింటినీ ఈ రోజే ఆర్గ్యుమెంట్లకు మారుస్తున్నాను. పాత్‌లను వరుసలుగా లాగ్‌లో చేర్చడం తప్ప ఇంకేమీ చేయని ఒక్కదాన్ని మాత్రం స్టాండర్డ్ ఇన్‌పుట్‌తోనే ఉంచుతాను.