‘పఫ్’కి తెలుగేమిటి? విక్టోరియా కాలపు మందుల ప్రకటనల మీద చర్చ

మాధవి:
1880లు, 90ల నాటి ఇంగ్లండు పత్రికల్లోని మందుల ప్రకటనలు కొన్ని తెలుగు చేస్తున్నాను. మనిషి దగ్గుకీ గుర్రం కుంటుకీ మందులు పక్కపక్కనే ఉంటాయి వాటిలో. కొన్ని మాటల దగ్గర బండి ఆగిపోయింది. ఇన్‌ఫ్లుయెంజా రాకుండా పీల్చమని అమ్మిన మందు బంతి ‘కార్బాలిక్ స్మోక్ బాల్’ మీద నడిచిన కేసులో కంపెనీ తన ప్రకటన ‘మియర్ పఫ్’ అని వాదించింది. ‘ఉత్త గొప్పలు’ అని రాశాను కానీ మనసుకి పట్టలేదు. ‘పేటెంట్ మెడిసిన్’ని ‘పేటెంట్ హక్కు పొందిన మందు’ అనొచ్చా? బీచమ్స్ మాత్రల ‘వర్త్ ఎ గినీ ఎ బాక్స్’ని ‘పెట్టె విలువ కాసు బంగారం’ అంటే ఎలా ఉంటుంది? పశువుల మందుల్లో ‘బాల్’, ‘డ్రెంచ్’ అని వస్తున్నాయి, వాటి సంగతి కూడా చెప్పండి.

రామ్మోహన్:
పఫ్‌కి మన దగ్గర సిద్ధంగా ఉన్న మాట ‘ఊదర’. ఎలుక కన్నంలో పొగ పెట్టడాన్ని ఊదర పెట్టడం అంటాం. ప్రకటనలతో ఊదరగొడుతున్నారు అన్నది రోజూ వినేదే. అయితే ఈ కేసులో ఆ మాటకి చట్టం ఇచ్చిన బరువు వేరు, అది జారిపోకూడదు.

1891 నవంబరు 13న పాల్ మాల్ గెజెట్‌లో వచ్చిన ప్రకటన సారాంశం ఇది. సూచనల ప్రకారం బంతిని రోజుకి మూడుసార్లు, రెండు వారాలు వాడాక కూడా ఇన్‌ఫ్లుయెంజా వస్తే 100 పౌండ్ల బహుమానం. చిత్తశుద్ధికి రుజువుగా రీజెంట్ స్ట్రీట్‌లోని అలయన్స్ బ్యాంకులో 1000 పౌండ్లు వేశాం. కార్లిల్ అనే ఆవిడ నవంబరు 20 నుంచి వాడి, జనవరి 17న జబ్బు పడింది. డబ్బు అడిగితే కంపెనీ ‘అది పఫ్, అందులో మాటిచ్చిందేమీ లేదు’ అంది. 1892 డిసెంబరులో అప్పీలు కోర్టు ఆ వాదన కొట్టేసింది. ఇచ్చే ఉద్దేశమే లేకపోతే బ్యాంకులో వెయ్యి పౌండ్ల ఊసెందుకు, అన్నది జడ్జీల పట్టు. షరతు ప్రకారం పని చేయడమే ఒప్పుకోలు అనే మన కాంట్రాక్టు చట్టం 8వ సెక్షన్ చెప్పేటప్పుడు లా కాలేజీల్లో ఈ కేసే ఎత్తుకుంటారు.

కోర్టు దృష్టిలో పఫ్ అంటే అబద్ధం కాదు, మోసమూ కాదు. బుద్ధి ఉన్నవాడెవడూ పట్టుబట్టి అడగని పొగడ్త. ‘ఉత్త ఊదర’ అంటే ఆ తేలికతనం వస్తుంది. ‘గొప్పలు’ మనిషి తన గురించి చెప్పుకునేవి, ఇక్కడ అతకవు. ‘అసత్య ప్రచారం’ అని మాత్రం రాయకండి, అది నేరారోపణ అయిపోతుంది.

సుజాత:
‘ఊదర’ బాగానే ఉంది గానీ రామ్మోహన్ గారూ, ఒక చిక్కుంది. పక్కనే ‘స్మోక్ బాల్’ ఉంది కాబట్టి పాఠకుడు నిజం పొగ అనుకుంటాడు. అందులో నిప్పూ లేదు, పొగా లేదు. డొల్ల రబ్బరు బంతి, లోపల కార్బాలిక్ ఆమ్లం పట్టించిన మెత్తని పొడి. బంతి నొక్కితే జల్లెడలాంటి గుడ్డ గుండా పొడి పొగలా లేస్తుంది, దాన్ని ముక్కుతో పీల్చాలి. పీల్చగానే తుమ్ములు, ముక్కు కారడం. ‘మందు పనిచేస్తోంది’ అన్న నమ్మకం కుదిరేది అక్కడే. ముక్కులోకి ఎక్కించే మందుకి మనకి ‘నస్యం’ అనే మాట ఎప్పటినుంచో ఉంది. ‘కార్బాలిక్ నస్యపు బంతి’ అని ఒకసారి రాసి, తర్వాత ‘స్మోక్ బాల్’ అనే నడిపించండి మాధవి గారూ. ధర కూడా వేయండి: బంతి 10 షిల్లింగులు. పేదవాడు కొనే వస్తువు కాదని తెలుస్తుంది.

రామ్మోహన్:
ఒప్పుకున్నాను. నస్యం అన్నాక ఊదరతో తికమక కూడా ఉండదు. ఇంకో ముక్క: ఓడిపోయాక కంపెనీ తగ్గలేదు. 1893 ఫిబ్రవరిలో బహుమానం 200 పౌండ్లకి పెంచి, షరతులు బిగించి మళ్లీ ప్రకటన వేసింది. వేలమంది కొన్నారు, 100 పౌండ్లు అడిగినవారు ముగ్గురే, అని కేసునే ప్రచారానికి వాడుకుంది. ఊదరగొట్టడం అంటే అదీ.

ఇస్మాయిల్:
‘పేటెంట్ హక్కు పొందిన మందు’ అని మాత్రం రాయకండి, అర్థం తలకిందులవుతుంది. పేటెంటు కావాలంటే తయారీ విధానం కాగితం మీద బయటపెట్టాలి. ఈ మందుల వ్యాపారం నిలబడిందే గుట్టు మీద. రాజు ఇచ్చే అనుగ్రహ పత్రాల కాలం నుంచి పేరు మిగిలిపోయింది, అంతే. విక్టోరియా కాలానికి వీటిలో చాలావాటికి పేటెంటు లేదు, పేరు మీదా గుర్తు మీదా హక్కు ఉండేది. ‘పేటెంటు మందు’ అని ఉంచేసి, మొదటిసారి వచ్చినచోట ‘అంటే గుట్టు మందు’ అని కలపండి. మన 1940 డ్రగ్స్ చట్టంలో కూడా ‘పేటెంట్ ఆర్ ప్రొప్రైటరీ మెడిసిన్’ అన్న మాట ఇప్పటికీ ఉంది కాబట్టి పాఠకుడికి కొత్త కాదు.

ఇంతకంటే పెద్ద గుంట ‘గవర్నమెంట్ స్టాంప్’. దాన్ని ‘ప్రభుత్వ ముద్ర’ అన్నారో, ఆనాటి కొనుగోలుదారు పడ్డ గోతిలోనే మన పాఠకుడూ పడతాడు. అది పన్ను చీటీ. శొంఠిని శొంఠిగా అమ్మితే పన్ను లేదు. గుట్టు మందని, ఫలానా జబ్బుకి అద్భుతమని ప్రకటిస్తే పడుతుంది. 1812 చట్టం లెక్కలో (షిల్లింగుకి 12 పెన్నీలు) షిల్లింగు దాకా ఖరీదున్న మందుకి ఒకటిన్నర పెన్నీ, రెండున్నర షిల్లింగుల దాకా 3 పెన్నీలు, 4 షిల్లింగుల దాకా 6 పెన్నీలు. అందుకే ప్రకటనల్లో ధరలు వంకరగా కనిపిస్తాయి: 1 షిల్లింగు ఒకటిన్నర పెన్నీ, 2 షిల్లింగుల 9 పెన్నీలు, 4 షిల్లింగుల 6 పెన్నీలు. హాలోవే మాత్రలకైనా బీచమ్స్‌కైనా ఇదే వరస. చీటీని పెట్టె మూతకి అడ్డంగా అంటిస్తారు, చింపితేగాని పెట్టె తెరుచుకోదు. సర్కారు బొమ్మ ఉంది కదా అని జనం దాన్ని పూచీ అనుకున్నారు. అమ్మేవాళ్లు కాదనలేదు, పైగా ‘స్టాంపు చూసి కొనండి’ అని రాశారు.

మాధవి:
ఇస్మాయిల్ గారూ, ఆ వంకర ధరల్ని రూపాయలు, అణాల్లోకి మార్చి గుండ్రం చేద్దామనుకున్నాను. ఇక చేయను. మరి గినీ?

ఇస్మాయిల్:
రూపాయల్లోకి అసలు మార్చొద్దు. 1870ల ముందు రూపాయి రెండు షిల్లింగులకి దగ్గరగా ఉండేది, 90లకి 1 షిల్లింగు 3, 4 పెన్నీలకి దిగింది. ఏ ఏటి లెక్క వేస్తారు?

‘కాసు’ కూడా కుదరదు. మన కాసు సవరను లెక్క, 8 గ్రాములు. సవరను అంటే 20 షిల్లింగులు, గినీ అంటే 21. గినీ నాణెం ముద్రించడం 1814లోనే ఆగిపోయింది. బీచమ్ సెయింట్ హెలెన్స్‌లో 1859లో ఆ వాక్యం వేసేనాటికి గినీ చేతికి దొరికే డబ్బు కాదు, పెద్ద డాక్టర్లూ బారిస్టర్లూ ఫీజు చెప్పుకునే లెక్క. ప్రకటనలోని కీలకం అదే: డాక్టరు దగ్గరికెళ్తే గినీ, మా పెట్టె షిల్లింగు చిల్లర. ‘పెట్టె ఒక్కింటికీ డాక్టరు ఫీజంత విలువ’ అంటే చమత్కారం దక్కుతుంది. అసలు విలువ కావాలంటే 1909లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ పరీక్ష చేయించి అచ్చువేసింది చూడండి. పెట్టెలో 56 మాత్రలు, లోపల ముసాంబరం, శొంఠి, సబ్బు. దినుసుల ఖర్చు మొత్తం అర ఫార్తింగు, అంటే పెన్నీలో ఎనిమిదో వంతు. అమ్మకం పదమూడున్నర పెన్నీలకి. నూటెనిమిది రెట్లు, అష్టోత్తరం సరిపోయింది.

సుజాత:
‘ఆలోస్’ని కలబంద అనకుండా ముసాంబరం అనడం బాగుంది. కలబంద అంటే ఇప్పుడు అందరూ మొహానికి రాసుకునే జిగురే అనుకుంటున్నారు. ఎండబెట్టిన ఆ నల్లటి గడ్డ సంగతి వేరు, అది విరేచనకారి. శొంఠి ఎందుకంటే ముసాంబరం కడుపులో మెలిపెడుతుంది, ఆ నొప్పి తగ్గడానికి.

రంగనాథం:
పశువుల మాటలు నాకు వదిలేయండి. ‘బాల్’ ఇక్కడ బంతి కాదు, మందు ముద్ద. గుర్రానికి వేసే విరేచనపు ముద్దలోనూ ముసాంబరమే ముఖ్యం. బీచమ్ మాత్రకీ దానికీ తేడా మోతాదులోనే. పెద్ద గుర్రానికి 4 నుంచి 6 డ్రాములు, అంటే సుమారు 16 నుంచి 24 గ్రాములు. ముందు రోజు గడ్డి మానిపించి, తడిపిన తవుడు పెడతారు. నాలుక పక్కకి లాగి పట్టుకుని ముద్దని నాలుక మొదట్లో వదిలితే గుర్రం మింగుతుంది. 18 నుంచి 24 గంటలకి పని మొదలు. ఈలోగా ‘పట్టలేదు’ అని రెండో ముద్ద వేయడమే పెద్ద పొరపాటు. విరేచనం ఆగదు, గుర్రం దక్కడం కష్టం. ‘గుర్రపు బంతులు’ అని మాత్రం రాయకండి మహాప్రభో.

‘డ్రెంచ్’ అంటే పశువుకి నోట్లో పోసే నీళ్ల మందు. వాళ్లు ఆవుకొమ్ముతోనో సీసాతోనో పోసేవారు, మనవాళ్లు వెదురు గొట్టంతో. ‘గొట్టంతో పోసే మందు’ అంటే రైతు ఎవరికైనా బోధపడుతుంది. లండన్‌లోని ‘డే, సన్ అండ్ హెవిట్’ కంపెనీ వారి ‘రెడ్ డ్రెంచ్’ ఆ కాలంలో పేరున్న మందు. దాని ప్రకటనల్లో ‘ఫర్ క్లెన్సింగ్ కౌస్ అండ్ యూస్’ అని ఉంటుంది. మీరేం రాశారో గానీ అది కడగడం, శుభ్రం చేయడం కాదు. పాడి రైతుల ఇంగ్లిషులో క్లెన్సింగ్ అంటే ఈనాక పడే మాయ. ‘ఈనిన ఆవులకీ గొర్రెలకీ మాయ పడేందుకు’ అని రాయాలి.

ఆవుకి మాయ మామూలుగా 12 గంటల్లోపు దానంతటదే పడిపోతుంది. ఈనిన వెంటనే మందు పోస్తే మాయ పడ్డ ఖ్యాతి మందుకి దక్కుతుంది. ఆ కాలపు డ్రెంచ్‌లలో ఎక్కువగా ఉండేవి ఎప్సమ్ సాల్ట్, శొంఠి, మొలాసిస్. పేడ జారుతుంది గానీ, వాటికి మాయని ఊడదీసే శక్తి లేదు. నిజంగా అంటుకుపోయిన మాయకి ఇవి పోస్తూ కూర్చుంటే గర్భసంచి కుళ్లుతుంది. చేత్తో లాగితే ముక్క లోపల మిగిలిపోతుంది, అది ఇంకా చేటు.

‘కండిషన్ పౌడర్’ని ‘స్థితి చూర్ణం’ అన్నవాళ్లూ ఉన్నారు! ఒళ్లు చేసే పొడి అది. దాణాలో కలిపే మెంతులు, సోంపు, చేదు వేళ్ల పొడి. రుచికి పశువు కాస్త ఎక్కువ మేస్తుంది. ఇంగ్లండులోని రాథమ్‌స్టెడ్ వ్యవసాయ ప్రయోగ క్షేత్రంలో జాన్ లాస్ ఇలాంటి దాణా మసాలాలు పశువులకి పెట్టి చూసి, పెట్టిన డబ్బుకి తగ్గ ఒళ్లు రాలేదని 1862లో ప్రకటించాడు. అమ్మకాలు ఆగలేదు.

సుజాత:
రంగనాథం గారు చెప్పినదానికి ఇస్మాయిల్ గారి పన్ను లెక్క కలిపితే ఒక సంగతి తేలుతుంది. స్లౌ ఊరి ఎలిమన్ మర్దన మందు రెండు రకాలు: గుర్రాలకి ‘రాయల్’, మనుషులకి ‘యూనివర్సల్’. యూనివర్సల్ ధర 1 షిల్లింగు ఒకటిన్నర పెన్నీ. రాయల్ ధర 2 షిల్లింగులు, 2 షిల్లింగుల 6 పెన్నీలు, 3 షిల్లింగుల 6 పెన్నీలు. వీటిలో పన్ను చిల్లర కలవలేదు, ఎందుకంటే చట్టం మనిషి ఒంటికి వాడే మందుకే పన్ను వేసింది. కాబట్టి ‘రాయల్’ని ‘రాచ’ అని తెలుగు చేయకుండా పేరుగానే వదిలేసి, పక్కన ‘పశువులకి’ అని వేయండి. లేకపోతే రాజులు రాసుకునేదనుకుంటారు. మన కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం కూడా ఈ కాలంలోదే.

మాధవి:
అందరికీ ధన్యవాదాలండీ. రెడ్ డ్రెంచ్ వాక్యాన్ని నిజంగానే ‘ఆవులను శుద్ధి చేయుటకు’ అని రాసి పెట్టాను! ఇంకో ప్రకటనలో మందు వాడే తీరు ఉంది. దాన్ని ఇలా రాశాను, చూడండి రంగనాథం గారూ: ‘పొట్లం ఒక క్వార్టు గోరువెచ్చని గంజిలో కలిపి, ఆవు తల పైకెత్తి, ఒక్కసారిగా తాగించవలెను.’

రంగనాథం:
క్వార్టు పక్కన ‘సుమారు లీటరుంపావులోపు’ అని వేయండి, లెక్కకి 1.14 లీటర్లు. ‘తల పైకెత్తి’ అంటే మూతి ఆకాశానికి ఎత్తేస్తారు. ‘మూతి ఆవు కంటి ఎత్తుకి మించకుండా’ అనండి. ‘ఒక్కసారిగా’ మూలంలో ‘ఎట్ వన్స్’ అయ్యుంటుంది, ‘వెంటనే’ అని అర్థం. ఒక్కసారిగా పోస్తే పొలమారి మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, రెండు మూడు రోజుల్లో నిమోనియా వస్తుంది. నాలుక లాగి పట్టుకుని పోసినా అంతే, పశువు మింగలేదు. ‘బుగ్గ సందులోంచి గుక్క గుక్కగా పోయాలి, దగ్గితే తల వెంటనే వదిలేయాలి’ అని బ్రాకెట్లో పెట్టండి. మీ పుస్తకం చదివి ఎవరో ఒకరు తప్పకుండా చేసి చూస్తారు.